ఎన్‌క్రిప్షన్ చేసిన లినక్స్ డిస్కులో ట్రిమ్ అమర్చే విధానం

ట్రిమ్ అనగా, తనకు ఇక అవసరం లేని భాగాలు ఏవో ఆపరేటింగ్ సిస్టమ్ ఎస్.ఎస్.డి.కి తెలియజేసే ఆదేశం. పలక మీద ఒక్కొక్క అక్షరం తుడిచి దిద్దినట్లు ఫ్లాష్ మెమరీలో దిద్దడం సాధ్యం కాదు. రాయడం చిన్న పేజీలుగా, చెరపడం అనేక పేజీలున్న పెద్ద బ్లాకులుగా జరుగుతుంది. మనం ఒక ఫైలును తొలగించినప్పుడు ఫైల్ సిస్టమ్ తన పట్టికలో మాత్రమే దానిని కొట్టివేస్తుంది. ఆ సంగతి తెలియని ఎస్.ఎస్.డి., పనికిరాని సమాచారాన్ని కూడా ఒక బ్లాకు నుండి మరొక బ్లాకుకు మోస్తూనే ఉంటుంది. అందువలన రాత మందగిస్తుంది, అరుగుదల పెరుగుతుంది.

ఎన్‌క్రిప్షన్ ఉన్నచోట అడ్డంకి

లినక్స్‌లో లక్స్ పద్ధతితో డిస్కుకు తాళం వేసినప్పుడు, ఫైల్ సిస్టమ్‌కూ డిస్కుకూ నడుమ డీఎం-క్రిప్ట్ అనే పొర ఉంటుంది. మనం ప్రత్యేకంగా అనుమతించనిదే ఈ పొర ట్రిమ్‌ను కిందికి పంపదు. ఇది లోపం కాదు, ముందుజాగ్రత్త. ట్రిమ్ వెళితే, డిస్కు చేజిక్కించుకున్నవారు ఏ భాగాలు ఖాళీయో, ఎంత సమాచారం ఉందో ఊహించగలరు. లోపలి విషయాన్ని మాత్రం చదవలేరు. 2011లో వచ్చిన లినక్స్ 3.1 కెర్నెల్ నుండి ఈ అనుమతి ఇచ్చే వీలు కలిగింది.

భూమి పత్రాలు, రెండు భాషలలోని పిల్లల సర్టిఫికెట్లు లాప్‌టాప్‌లో దాచుకునే కుటుంబానికి దొంగ వాటిని చదవకుండా ఉంటే చాలు. అట్టివారు ట్రిమ్ అమర్చుకోవచ్చు. సమాచారం ఎంత ఉన్నదో కూడా బయటపడరాదనుకునేవారు అమర్చుకోరాదు.

అమర్చే క్రమం

ఆదేశాలను ఇంగ్లీషు అక్షరాలలో, సుడో అధికారంతో టైపు చేయాలి.

1. ముందుగా ముఖ్యమైన ఫైళ్లకు వేరే డిస్కులో నకలు తీసుకోవాలి.

2. ఎల్ఎస్‌బీఎల్‌కే --డిస్కార్డ్ ఆదేశం ఇవ్వాలి. డిస్కు వరుసలో డిస్క్-గ్రాన్, డిస్క్-మ్యాక్స్ గడులు సున్నా అయితే ఆ డిస్కుకు ట్రిమ్ అందడం లేదు; అక్కడితో ఆగాలి. డిస్కు వరుసలో అంకెలుండి, క్రిప్ట్ వరుసలో సున్నాలుంటే అడ్డు ఉన్నది డీఎం-క్రిప్ట్ వద్దనే.

3. ఈటీసీ ఫోల్డరులోని క్రిప్ట్‌ట్యాబ్ ఫైలు తెరచి, నాలుగవ గడిలో లక్స్ అన్న మాట తరువాత కామా పెట్టి డిస్కార్డ్ అని చేర్చాలి. కొన్ని లినక్స్‌లలో ఇది ముందే ఉంటుంది.

4. డెబియన్, ఉబుంటులలో అప్‌డేట్-ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ -యు, ఫెడోరాలో డ్రాకట్ -ఎఫ్ నడిపి, కంప్యూటరును మళ్లీ ప్రారంభించాలి.

5. రెండవ మెట్టు మళ్లీ చేసి చూడాలి. క్రిప్ట్ వరుసలో అంకెలు వస్తే అమరిక కుదిరినట్లే.

6. ఎఫ్ఎస్‌ట్రిమ్ -ఏవీ ఇస్తే ఎంత ఖాళీని డిస్కుకు తెలిపిందో కనిపిస్తుంది. ఆపైన సిస్టమ్‌సీటీఎల్ ఎనేబుల్ ఎఫ్ఎస్‌ట్రిమ్.టైమర్ అని ఇస్తే వారానికొకసారి దానంతట అదే జరుగుతుంది.

ఎఫ్ఎస్‌ట్యాబ్ ఫైలులో కూడా డిస్కార్డ్ అనే మాట వాడుకలో ఉంది. అది ఫైలు తొలగించిన ప్రతిసారీ ట్రిమ్ పంపే వేరొక అమరిక. వారపు టైమరు ఉన్నచోట దాని అవసరం లేదు.

మరువరాని సంగతి

ట్రిమ్ జరిగిన తరువాత, పొరపాటున తొలగించిన ఫైలును తిరిగి రాబట్టే ఆశ దాదాపు ఉండదు. కావున మొదటి మెట్టును ఒకనాటి పనిగా కాక అలవాటుగా చేసుకోవాలి. తాళం దొంగ నుండి కాపాడుతుంది. మన పొరపాటు నుండి కాపాడేది నకలు మాత్రమే.