పూచీ కొండనెక్కిన కథ

మైదానపు చట్టములు విశాఖ మన్యములోని గూడెం కొత్తవీధి గిరిసీమకు తమంతట తాము ఎక్కివచ్చినవి కావు. 1839 నాటి శాసనము విశాఖ మన్యమును సాధారణ న్యాయస్థానముల పరిధినుండి తప్పించి సర్కారు ఏజెంటు చేతికి అప్పగింపగా, 1874 నాటి షెడ్యూల్డు జిల్లాల చట్టము ఈ గొలుగొండ కొండలను తన పట్టికలో చేర్చి, ఇచట ఏ శాసనము చెల్లునో ప్రభుత్వమే ప్రత్యేకముగా ప్రకటింపవలెనని విధించెను. సంతలో చింతపండు పోసి ఉప్పో గుడ్డయో తెచ్చుకొనిన గిరిజనునకు, ఆ సరకు చెడ్డదైనచో అడుగుటకు వర్తకుడు తప్ప వేరొక దిక్కు లేదు. ఆ వర్తకుడే పెక్కుమారులు అతనికి అప్పిచ్చిన సాహుకారు. 1917 నాటి ఏజెన్సీ చట్టము వడ్డీని నూటికి 24కు మించనీయలేదు గాని, సరకు మంచిచెడ్డల జోలికి పోలేదు.

క్రింద మైదానములో ఆ సంగతిని 1930 నాటి వస్తు విక్రయ చట్టము పట్టించుకొనెను. కొనువాడు తన అవసరమును తెలిపి, అమ్మువాని నేర్పును నమ్మి కొనినచో, ఆ వస్తువు ఆ పనికి తగినదై యుండవలెనను నియమము, కాగితముపై వ్రాయకున్నను, బేరములోనే ఇమిడియుండునని ఆ చట్టము చెప్పును. నేటి వారంటీ కార్డునకు వెనుకనున్న బలము ఇదియే. ఇంటి కంప్యూటరు మూత విప్పి డిస్కు మార్చుకొనినచో ఆ పూచీ నిలుచునా అన్నది ఇపుడు ప్రశ్న.

గిరిజన సహకార సంస్థ విశాఖపట్టణమున వెలసిన 1956లోనే, అమెరికాలో ఐబీఎం సంస్థ రామాక్ అను యంత్రమును వెలువరించెను. ఏబది పళ్ళెములు పేర్చిన దాని డిస్కు ఏబది లక్షల అక్షరములను మాత్రమే దాచగలిగెడిది. అట్టి యంత్రములు ఆనాడు ఎక్కువగా అద్దెకే దొరికెడివి. అద్దె యంత్రపు మూత విప్పు హక్కు వాడుకరికి ఎక్కడిది? ఆ ఏడే అచటి న్యాయస్థానపు తీర్పు, యంత్రములను అమ్మకమునకు కూడ పెట్టవలెననియు, బయటి మరమ్మతుదారులకు విడిభాగములు ఈయవలెననియు ఆ సంస్థను కట్టడి చేసెను. 1981లో వచ్చిన ఐబీఎం పీసీ ఇంకను ముందునకు పోయి, అదనపు కార్డులకు ఖాళీ అరలను పెట్టి, లోపలి అమరికను వివరించు గ్రంథమును సైతము బజారుకు విడిచెను. కావున డెస్క్‌టాప్ మూత విప్పుట అపచారము కాదు, ఆ యంత్రము పుట్టుకలోనే ఉన్న వెసులుబాటు. పక్కరేకు జరిపి, సాటా కేబులును కరెంటు తీగను ఊడదీసి, నాలుగు మరలు విప్పినచో పాత హార్డు డిస్కు చేతికి వచ్చును.

చిక్కంతయు మూత మరపై అంటించిన కాగితపు సీలు వలన వచ్చినది. సికింద్రాబాదు చినాయ్ ట్రేడ్ సెంటర్ వంటి అంగళ్ళలో భాగములు కొని కూర్చుకొనిన యంత్రమునకు ఈ బాధ తక్కువ. అందలి ఒక్కొక్క భాగమునకు దాని తయారీదారే పూచీ. కంపెనీ యంత్రము విషయము వేరు. దానితో వచ్చిన డిస్కునకు ఆ కంపెనీయే జవాబుదారి. పాత డిస్కునకు బదులు మనము బిగించిన కొత్త ఎస్‌ఎస్‌డీకి దానిని చేసినవారు పూచీపడుదురే గాని కంపెనీ పడదు. మన చేతిలో కనెక్టరు విరిగినను, స్థిరవిద్యుత్తు తగిలి బోర్డు మాడినను ఆ నష్టము మనదే. ఇందు వాదమునకు తావు లేదు. డిస్కుతో పొత్తులేని పవర్ సప్లయి చెడినపుడు సైతము చినిగిన సీలును చూపి త్రిప్పిపంపుట మాత్రము అన్యాయము. చినిగిన సీలు మూత తీసిన సంగతిని చెప్పునే గాని, చెడుటకు కారణమును చెప్పదు. ఇట్టి షరతులు 1975 నాటి అచటి వారంటీ చట్టమునకు విరుద్ధములు కావచ్చునని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2018లో ఆరు సంస్థలను హెచ్చరించెను. మనదేశమున 2014లో కాంపిటీషన్ కమిషన్ కార్ల కంపెనీలకు, బయట మరమ్మతు చేయించినంత మాత్రమున వారంటీని రద్దుచేయరాదని ఆదేశించెను. కంప్యూటర్లపై అంత సూటియైన మాట ఇంకను రావలసియున్నది.

1985లో మండలమై, 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరిన గూడెం కొత్తవీధినుండి యంత్రమును బాగుచేయింప దలచినవాడు చింతపల్లి, లంబసింగి ఘాట్లు దిగి నర్సీపట్నమో విశాఖయో పోవలెను. పెట్టెను బస్సులో కుదుపుల పాలుచేయుటకంటె ఇంటనే డిస్కు మార్చుకొనుట మేలని తలచుట సహజము. 1986 నాటి వినియోగదారుల చట్టము ప్రకారము ఫిర్యాదును అవతలి పక్షము వ్యాపారము సాగించుచోటనో, వ్యాజ్యకారణము పుట్టినచోటనో వేయవలసియుండగా, 2020 జూలై 20న అమలులోనికి వచ్చిన కొత్త చట్టము కొనినవాడు తాను నివసించుచోటనే వేసికొనవచ్చునని అనుమతించెను. ఏజెంటు కాలమునాటి ఏర్పాటును ఎరిగిన నాకు ఈ ఒక్క వాక్యము ఆ చట్టమంతటిలో ముఖ్యముగా తోచును.

ఫిర్యాదు నిలువవలెనన్న బిల్లు ఉండవలెను, పెట్టెపై సీరియల్ నంబరు చెరగకుండవలెను, మూత తీయకముందు సీలు ఫొటో తీసికొని యుండవలెను. పాత డిస్కును పారవేయక దాచి, యంత్రమును సర్వీసుకు పంపునపుడు తిరిగి బిగించుట మంచిది. ఇక డిస్కులోని పత్రముల మాట: చెడిన డిస్కునకు బదులు కంపెనీ కొత్తది ఇచ్చునే గాని, అందున్న కాఫీ తోటల లెక్కలకు గాని పిల్లల ఫొటోలకు గాని ఏ సాధారణ వారంటీయు పూచీపడదు.