దత్తమండలముల వీథిబడులు - కాంబెల్ నివేదిక

విద్యాచరిత్రమున మూలపురుషులను పేర్కొనునపుడు పెస్టలోజీ, ఫ్రోబెల్, లాంకాస్టరులతోపాటు ఆండ్రూ బెల్ పేరును చెప్పుట పరిపాటి. బెల్ కీర్తికి పుట్టినిల్లు మదరాసు. ఆయన 1789లో ఎగ్మూరునందలి సైనికుల అనాథబాలుర శరణాలయమునకు పర్యవేక్షకుడై, పెద్ద పిల్లలచే చిన్న పిల్లలకు చదువు చెప్పించు పద్ధతిని నడిపి, 1797లో లండనున దానినిగూర్చి గ్రంథము ప్రకటించెను. అది 'మదరాసు పద్ధతి' యను పేర ఇంగ్లండునందు వ్యాపించినది. ఇసుకలో అక్షరములు దిద్దించుటను దేశీయమైన బడిలో చూచి గ్రహించితినని బెల్ ఒప్పుకొనెను. పిల్లలచే పిల్లలకు చెప్పించుట మాత్రము తన కల్పనమేయని వాదించెను.

ఈ వాదమును పరీక్షించుటకు తగిన సాక్ష్యము మన రాయలసీమయందే కలదు. గవర్నరు సర్ థామస్ మన్రో 1822 జూన్ 25న మదరాసు రాజధానియందలి కలెక్టరులనుండి పాఠశాలల లెక్కలు కోరెను. చాలమంది అంకెలు పంపి ఊరకుండిరి. కడపనుండి 494 బడులు, 5,892 విద్యార్థులు అను లెక్క వచ్చినది. బళ్లారి కలెక్టరు ఎ. డి. కాంబెల్ మాత్రము 1823 ఆగస్టులో బడి నడచు తీరునంతయు వర్ణించి వ్రాసెను. ఇతడు 1816లో తెలుగు వ్యాకరణమును ప్రకటించిన పండితుడు. కనుకనే ఇతరులు చూడనివి చూచెను.

ఆతని లెక్కలో బళ్లారి మండలమున 533 బడులు, 6,641 విద్యార్థులు. వానిలో కన్నడము చెప్పునవి 235, తెలుగు చెప్పునవి 226. ఉదయము ఆరు గంటలకే బడి. మొదట వచ్చిన బాలుని అరచేత సరస్వతి పేరు వ్రాయుదురు, రెండవవానికి సున్న, మూడవవాడు మొదలుకొని వరుసగా దెబ్బలు హెచ్చును. వ్రేలితో ఇసుకలో దిద్దుట, పై తరగతివారు క్రింది తరగతివారికి చెప్పుట, ఇవియే బోధనక్రమము. ఈ ఏర్పాటు ఇంగ్లండువారు అనుకరించుటకు తగినదేయని కాంబెల్ మెచ్చుకొనెను.

ఈ నివేదిక బెల్ గ్రంథమునకు తరువాతిది గదా యని శంకింపవచ్చును. కాని బళ్లారి పల్లెల అయ్యవారలు ఎగ్మూరు శరణాలయమును చూచి నేర్చిరనుట నమ్మదగినది కాదు. అదియునుగాక, 1623లోనే ఇటలీ యాత్రికుడు పియెత్రో దెల్లా వల్లే కన్నడదేశమున బాలురు గురువు లేకయే ఒకరితో నొకరు కూడి, ఇసుకలో అంకెలు వ్రాయుచు వల్లించుటను చూచి వ్రాసియుంచెను. పద్ధతికి శాస్త్రరూపమిచ్చిన గౌరవము బెల్‌ది. పద్ధతి మాత్రము పేరులేని అయ్యవారలది యని మా అభిప్రాయము.

అట్లని ఆ బడులను ఆకాశమునకెత్తుట యుక్తము కాదు. విద్యార్థులలో బాలికలు 60 మంది మాత్రమే. పిల్లలు పద్యములను అర్థము తెలియకయే చిలుకలవలె వల్లించుచుండిరనియు, గ్రంథభాషకును పలుకుభాషకును గల దూరమే ఇందులకు కారణమనియు కాంబెల్ గుర్తించెను. గిడుగు వేంకట రామమూర్తిగారు లేవనెత్తిన ప్రశ్నకు ఇది దూరపు బంధువు. దేశమున పేదరికము హెచ్చుటచే పెక్కు బడులు మూతపడినవని కూడ ఆతడు తన ప్రభుత్వమునకే వ్రాయుట మెచ్చదగినది. ధరంపాల్ 1983లో ఈ పత్రములను ప్రకటించిన పిమ్మట, మెప్పును మాత్రము గ్రహించువారును, నిందను మాత్రము గ్రహించువారును ఏర్పడిరి. నివేదికను తుదివరకు చదివినవారు తక్కువ.

ఇక మహానంది మాట. నల్లమల పాదమున, నంద్యాల సీమలో నున్న ఈ క్షేత్రము మన్రో లెక్కలలో ఎక్కడను కానరాదు. కడప, బళ్లారి మండలములు 1800లో నిజామునుండి కుంపిణీవారికి సంక్రమించినవి. కందనవోలు సీమ మాత్రము 1839 వరకు నవాబు పాలనయందుండెను. లెక్క లేకపోవుటకు కారణము అధికారపు సరిహద్దే గాని బడి లేకపోవుట యనరాదు. కోవెలకుంట్ల, కంభము మున్నగు తాలూకాలు 1858లో కడపనుండి కర్నూలులో చేరినవి. వాని లెక్క కడప అంకెలలో చూడవలెను. నంద్యాల, సిరివెళ్ల సీమలకు ఆ దారియు లేదు. ఆ ప్రాంతపు చదువును తెలియగోరు పరిశోధకులు మెకంజీ సేకరింపజేసిన కైఫీయతులను, ఆలయముల ఇనాము దస్త్రములను, అయ్యవారలకిచ్చిన మాన్యముల కొరకు ఊరూర వెదకవలసియున్నది.