జున్నుగాడి కడుపూ, డెబ్భయ్యేళ్ళ బగ్గూ

మా పాప పోరు పడలేక కిందటేడు షెల్టర్ నుంచి ఒక పిల్లిపిల్లని తెచ్చుకున్నాం. వయసు పది వారాలు, లేత పసుపు రంగు. అందుకని జున్ను అని పేరు పెట్టింది పాప. తెచ్చిన మూడో రోజు నుంచీ వాడికి విరేచనాలు. నులిపురుగుల మందు వేయించాం, తగ్గలేదు. తిండి మార్చాం, తగ్గలేదు. "కాస్త వాము నీళ్ళు పట్టరా" అని గుంటూరు నుంచి మా అమ్మ. (పట్టలేదు లెండి.) డాక్టరుగారు మైక్రోస్కోపులో ఏవో కదులుతుంటే చూసి, జియార్డియా అని చెప్పి మెట్రోనిడజోల్ ఇచ్చారు. తగ్గింది! మందు ఆపిన వారానికి మళ్ళీ మొదలు. మళ్ళీ మందు, మళ్ళీ తగ్గడం, మళ్ళీ మొదలు. మూడుసార్లు ఇదే తంతు.

మా వృత్తిలో దీనికో పోలిక ఉంది. సర్వర్ పడిపోతుంది, రీస్టార్ట్ చేస్తాం, లేస్తుంది, టికెట్ మూసేస్తాం. వారం తర్వాత మళ్ళీ పడిపోతుంది. రీస్టార్ట్ చేస్తే లేచిందంటే కారణం దొరికినట్టు కాదని మనందరికీ తెలుసు. అయినా ప్రతిసారీ టికెట్ మూస్తూనే ఉంటాం.

"కావాలంటే వెనక్కి ఇచ్చేయచ్చు" అన్నారు షెల్టర్ వాళ్ళు. కార్పెట్లు కడిగీ కడిగీ మా ఆవిడ కూడా విసిగిపోయింది. ఆ రాత్రి పాప జున్నుని ఒళ్ళో పెట్టుకుని, "నాన్నా, వాడు కావాలని చెయ్యట్లేదు కదా" అంది. నా దగ్గర జవాబు లేదు. అప్పుడు మొదలెట్టాను చదవడం. చదువుతుంటే ఇదో పెద్ద చరిత్ర అని తెలిసింది.

కథ చాలా వెనక మొదలవుతుంది. 1681లో హాలండులో లీవెన్‌హుక్, తనకి విరేచనాలైనప్పుడు ఆ మలాన్ని తన భూతద్దం కింద పెట్టుకుని చూశాడు. అందులో కదులుతూ కనిపించిన ప్రాణులే జియార్డియా అని ఇప్పటివాళ్ళు అంటారు. 1836లో ఫ్రాన్సులో డోనే అనే డాక్టరు, మనుషుల్లో ట్రైకోమోనాస్ అనే ఇంకో ఏకకణజీవిని వర్ణించాడు. 1928లో కెసెల్ అనే పరిశోధకుడు పిల్లిపిల్లల్లో ట్రైకోమోనాస్ మీద ఏకంగా ఒక పత్రమే రాశాడు.

అంటే పిల్లిపిల్ల కడుపులో ఇది ఉండచ్చని అప్పటికే కాగితం మీద ఉంది. మరి తర్వాత డెబ్భయ్యేళ్ళు ఏం జరిగింది? దాదాపు ఏమీ లేదు. పేగుల్లో ఉండే ట్రైకోమోనాస్‌లు నిరపాయకరమైనవనీ, విరేచనాలైనప్పుడు ఆ నీళ్ళల్లో ఊరికే పెరుగుతాయనీ చాలామంది అభిప్రాయం. లాగ్‌లో వార్నింగ్ కనిపిస్తూనే ఉంది, "అది మామూలేలే" అని అందరూ దాటేశారు.

రెండో చిక్కు, పోలిక. పలచటి మలాన్ని స్లైడు మీద పెడితే జియార్డియా, ట్రైకోమోనాస్ రెండూ దాదాపు ఒకే సైజులో కదులుతూ కనిపిస్తాయి. తెలిసినవాళ్ళు కదలికని బట్టి చెబుతారు. జియార్డియా రాలే ఆకులా మెల్లగా దొర్లుతుంది. ట్రైకోమోనాస్ పక్కన ఒక పొర అలలా కదుల్తూ, కుదుపులతో అటూ ఇటూ పరిగెడుతుంది. కానీ మన బుర్రలో ముందే ఒక పేరు ఉంటే, కంటికి అదే కనపడుతుంది. మా డాక్టరుగారికి జరిగిందీ ఇదే. ఆవిడని తప్పు పట్టను, తరాల తరబడి పడిన పొరపాటే అది.

ఇక్కడే కథ మా ఇంటికి దగ్గరగా వచ్చింది. మేముండేది నార్త్ కరొలైనాలో, క్యారీ ఊళ్ళో (ఇక్కడ ఏ కిరాణా కొట్టుకెళ్ళినా తెలుగు వినపడుతుంది). పక్కనే రాలీలో నార్త్ కరొలైనా స్టేట్ యూనివర్సిటీ పశువైద్య కళాశాల. అక్కడి జోడీ గుకిన్, ఆవిడ సహచరులూ 1999లో, ఎంతకీ తగ్గని విరేచనాలున్న పిల్లుల్లో ట్రైకోమోనాస్‌ని చూపిస్తూ ఒక పత్రం వేశారు. 2001లో ఆరోగ్యంగా ఉన్న పిల్లులకి దీన్ని ఎక్కించి చూస్తే, వాటికీ విరేచనాలు పట్టుకున్నాయి. మన భాషలో చెప్పాలంటే బగ్గుని రిప్రొడ్యూస్ చేశారు! ఇక "ఊరికే ఉందిలే" అనడానికి లేదు.

అయినా పేరు ఇంకా తేలలేదు. ఆ రోజుల్లో చాలామంది దీన్ని పెంటాట్రైకోమోనాస్ హోమినిస్ అనుకున్నారు. (పేరులోనే పెంట ఉంది కదా అని నవ్వకండి. పెంటా అంటే గ్రీకులో ఐదు. దీనికి ముందువైపు మామూలుగా ఐదు కొరడాల్లాంటి తోకలుంటాయి.) 2003లో జన్యుపరీక్షలతో తేల్చింది ఏమిటంటే, పిల్లుల్ని పట్టింది అది కాదు, మూడు తోకల ట్రైట్రైకోమోనాస్ ఫీటస్ అని.

ఇది మరీ విడ్డూరం. ఎందుకంటే ఈ ఫీటస్ పశువుల డాక్టర్లకి పాత శత్రువు. ఆంబోతుల నుంచి ఆవులకి అంటుకుని, చూలు నిలవకుండా చేస్తుంది. ఆవుల గర్భసంచిలో వెతికే జీవి పిల్లి పేగుల్లో ఉంటుందని ఎవరనుకుంటారు? రెండూ అచ్చంగా ఒకటి కావనీ, పిల్లులదాన్ని వేరే జాతిగా ట్రైట్రైకోమోనాస్ బ్లాగ్‌బర్నీ అనాలనీ 2013లో ఇంకొందరు ప్రతిపాదించారు. అదలా ఉంచితే, పాత శత్రువు కావడం వల్ల ఒక మేలు జరిగింది. పశువుల కోసం తయారుచేసిన కల్చర్ సంచులు పిల్లులకీ పనికొచ్చాయి.

మరి అంత అరుదా? 2004లో వచ్చిన ఒక పత్రంలో, ఒక అంతర్జాతీయ పిల్లుల ప్రదర్శనకి వచ్చిన 117 పిల్లుల్ని పరీక్షిస్తే 31 శాతంలో ఇది దొరికింది. అన్నీ ముద్దుగా పెంచిన జాతి పిల్లులు!

ఇక మందు సంగతి. మెట్రోనిడజోల్ మన ఇళ్ళల్లో తెలియనిదెవరికి? విరేచనాలు అనగానే గుర్తొచ్చే బిళ్ళ. 1960 ప్రాంతంలో ఆ మందు వచ్చిందే మనుషుల్లో ట్రైకోమోనాస్‌ని చంపడానికి. విచిత్రమేమిటంటే పిల్లుల్లో ఉన్నదాన్ని మాత్రం అది తుడిచెయ్యలేదు. పేగుల్లో బాక్టీరియాని మార్చడం వల్ల కాస్త గట్టిపడుతుంది, అంతే. ఆ తాత్కాలికపు ఊరటే తప్పుడు నిర్ధారణకి సాక్ష్యంగా నిలబడింది. "జియార్డియా మందు వేస్తే తగ్గింది, కాబట్టి జియార్డియానే" అన్నమాట.

టర్కీ కోళ్ళకీ పావురాలకీ వాడిన రోనిడజోల్ అనే పాత మందు పిల్లుల్లో పనిచేస్తుందని 2006లో అదే గుకిన్ బృందం చూపించింది. ఇదీ మంత్రదండమేం కాదు. కొన్ని పిల్లులకి నరాల మీద దుష్ప్రభావం కనిపించిందని 2007లో, మందుకి లొంగని రకాలున్నాయని 2010లో పత్రాలొచ్చాయి. బరువు చూసి, జబ్బు నిర్ధారణ చేసుకుని, డాక్టరు చేతి మీదుగానే వాడాలి.

వదిలేస్తే? 2004లో ఇంకో పత్రంలో 26 పిల్లుల్ని వెంటాడి చూస్తే 23 వాటంతట అవే మామూలయ్యాయి. కాకపోతే అందుకు పట్టిన కాలం ఐదు నెలల నుంచి రెండేళ్ళు. రెండేళ్ళు కార్పెట్లు కడిగే ఓపిక ఎందరికుంటుంది? ఈ డెబ్భయ్యేళ్ళలో "వీడికి అలవాటు కాలేదు, మురికి పిల్లి" అనిపించుకుని వెనక్కి వెళ్ళినవీ, వీధిలో పడ్డవీ ఎన్నో! వాటి లెక్క ఏ పత్రంలోనూ ఉండదు.

ఇదంతా చదివి, డాక్టరుగారిని పీసీఆర్ పరీక్ష చేయించమని అడిగాను. ఆవిడ కోప్పడలేదు, "చేద్దాం" అన్నారు. తాజా నమూనా ఇచ్చాం. (కల్చర్‌కి పంపేదైతే ఫ్రిజ్‌లో పెట్టకూడదు, చలికి ఇవి చచ్చిపోతాయి.) ఫలితం: ట్రైకోమోనాస్ ఉంది, జియార్డియా లేదు. రెండు వారాలు మందు. చేతికి గ్లవ్స్, రోజూ లిట్టర్ బాక్స్ కడగడం, వాడి నడకలో తూలుడు వస్తుందేమోనని భయంభయంగా చూడటం. ఏమీ రాలేదు. తర్వాత చేసిన రెండు పరీక్షల్లోనూ ఏమీ కనపడలేదు.

ఒక్క మాట. ప్రతి పిల్లిపిల్లకీ ఇదే అనుకోకండి, అది నేను చెప్పిన పొరపాటే ఇంకోసారి చెయ్యడం అవుతుంది. ముఖ్యంగా తిండి మానేసి, వాంతులు చేసుకుని, నీరసంగా పడున్న చిన్నపిల్లని ఆ రోజే డాక్టరుకి చూపించాలి. అంత చిన్న ఒంట్లో నీళ్ళు తగ్గితే ఎక్కువసేపు ఆగదు. జున్ను ఆడుతూ తింటూనే ఉన్నాడు కాబట్టి మాకు చదువుకునే టైము దొరికింది.

తెలుగులో "తగ్గింది" వేరు, "నయమైంది" వేరు. డెబ్భయ్యేళ్ళ చరిత్ర ఆ రెండు మాటల మధ్యే ఇరుక్కుపోయింది. ఇది రాస్తుంటే జున్నుగాడు కీబోర్డు మీద పడుకున్నాడు. రేపు ఆఫీసులో ఎవరైనా "రీస్టార్ట్ చేస్తే తగ్గిందండీ" అంటే, టికెట్ మాత్రం మూయను.