మహల్ కాదు, నుమాయిష్

ఇందల్వాయిలో మా దాదీ సందూక్ అడుగున ఒక పాత తస్వీర్ ఉండేది. రెండు పొడవాటి మీనార్లు, నడుమ పెద్ద కమాన్, పైన గుంబజ్, పక్కల జాలీ పని. "నిజాం సర్కార్ మహల్, బేటా" అనేది దాదీ. ఆమె మాట మా ఇంట్లో పత్థర్ కీ లకీర్.

మొన్న మా భాంజా దాన్ని ఖాందాన్ వాట్సాప్ గ్రూపులో పెట్టి "మనం పోగొట్టుకున్న మహల్" అని రాశాడు. అందరూ అఫ్సోస్ చేశారు. నేనూ చేసేవాణ్ణే. కానీ పెద్దది చేసి చూస్తే ఎడమ మీనార్ అడుగున గుడ్డ చిరిగి వెదురు బొంగు కనబడింది. మహల్‌కి వెదురు బొంగులుంటాయా? కమాన్ మీద ఉర్దూలో సాఫ్‌గా ఉంది: నుమాయిష్ మస్నూఆతె ముల్కీ. అంటే మన ముల్క్‌లో తయారైన సరుకుల ప్రదర్శన. ఫొటో వెనక దాదా పెన్సిల్‌తో రాసుకున్నది 1347 ఫస్లీ, అంటే 1937-38.

హైదరాబాద్ బాగె ఆమ్‌లో, నేటి పబ్లిక్ గార్డెన్స్‌లో, మొదటి నుమాయిష్ జరిగింది 1938లోనే. మా దాదా ఇందల్వాయి స్టేషన్‌లో మీటర్‌గేజీ రైలెక్కి వెళ్లొచ్చాడట.

షాన్ కోసం తాత్కాలికంగా కట్టిన దర్వాజా అది. లోకమంతా ఎగ్జిబిషన్లకు అదే తరీఖా. 1893 చికాగో ఎగ్జిబిషన్‌లో పాలరాతి మహళ్లలా మెరిసినవి కూడా పైపైన జనపనార కలిపిన ప్లాస్టరే.

మరి ఈ నుమాయిష్ ఎవరి ఖయాల్? నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ప్రారంభించిన మాట నిజమే. తలపెట్టింది మాత్రం ఉస్మానియా గ్రాడ్యుయేట్ల సంఘం వాళ్లు. ఉర్దూ మీడియంలో డిగ్రీలు చేసిన నౌజవాన్లు. రియాసత్ మాషీ హాలత్ మీద సర్వే చేయాలి, దానికి పైసలు కావాలి. అందుకే సుమారు వంద స్టాళ్లతో ఈ నుమాయిష్.

బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ పుట్టింది కూడా ఆ రోజుల్లోనే, 1937లో. పక్కా గోడలు, ఆకాశానికి చిమ్నీ. 2015 డిసెంబరులో అది మూతపడింది. వెదురు మీద గుడ్డ చుట్టి మొదలెట్టిన నుమాయిష్ మాత్రం 1946లో నాంపల్లి మైదానానికి మారి, నేటికీ ఏటా జరుగుతోంది. దాని ఆమ్‌దనీతో ఎగ్జిబిషన్ సొసైటీ విద్యాసంస్థలు నడుపుతోంది. సరోజినీ నాయుడు వనితా మహావిద్యాలయం, కమలా నెహ్రూ పాలిటెక్నిక్ ఆడపిల్లలవే.

దాదీ ఏనాడూ హైదరాబాద్ చూడలేదు. కమాన్ మీది ఆ మూడు మాటలు చదవడానికి ఆమెకు అక్షరాలు రావు. అందుకే అది మహల్ అయింది. ఆమె తప్పు లేదు. చదువుకున్న మనం కూడా మహల్ అనే ఏడిస్తే తప్పు మనది. లేని మహల్ కోసం రోనా ధోనా చేస్తూ, చదువుకున్న కుర్రాళ్ల మెహనత్‌ని మరిచిపోతున్నాం. మనకు దక్కిన అసలు విరాసత్ అదే.

భాంజా రాత మార్చాడు: "ఉస్మానియా కుర్రాళ్ల దర్వాజా, 1347 ఫస్లీ." మీ సందూకుల్లోనూ ఇలాంటి తస్వీర్లుంటాయి. ఒక్కసారి వెనక్కి తిప్పి చదవండి.