అడ్వాన్సు తీరినా తిరిగిరాని వలస

పాలమూరు (మహబూబ్‌నగర్) వలసకు ఒక లెక్క ఉండేది. గుంపు మేస్త్రీ ఊళ్లోకి దిగి, ఇంటింటికీ అడ్వాన్సు ఇచ్చి, ఆలుమగలను జతగా రాసుకుని పోయేవాడు. నాగార్జునసాగర్, శ్రీశైలం మొదలుకొని ఎన్నో కట్టల మీద, కాల్వల మీద ఆ జతలు మట్టి మోశాయి. అడ్వాన్సు తీరేదాకా పని విడిచి రావడానికి లేదు. తీరిందా, వానలకు ఊరు చేరేవాళ్లు. ఇవాళ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ నుంచి ఎమ్మెస్‌కు అమెరికా పోతున్న పిల్లల లెక్క తిరగబడింది. అప్పు తీరుతుంది, మనిషి రాడు. డాలర్ల మోజు అని అందరూ తేల్చేస్తారు. అది సగం మాటే.

చదువుకోసం పరాయి రాజ్యం పోవడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. నిజాం ప్రజలకు మద్రాసు, పూనా కూడా వేరే ఏలుబడే. ఇటిక్యాలపాడు సురవరం ప్రతాపరెడ్డి మద్రాసులో చదివి, హైదరాబాదు వచ్చి 1926లో గోలకొండ పత్రిక పెట్టారు. అప్పటి కల్వకుర్తి తాలూకా పడకల్‌లో పుట్టిన బూర్గుల రామకృష్ణారావు పూనా ఫెర్గూసన్ కాలేజీలో, ఆపైన బొంబాయిలో చదివి హైదరాబాదులోనే వకీలయ్యారు. వీళ్లు తిరిగి రావడాన్ని దేశభక్తి ఖాతాలో వేయడం మనకు ఇష్టం. అది లేదనను. కానీ వకాలతు చేసుకోవడానికి కచేరీలు ఇక్కడ ఉన్నాయి, భూములు, బంధుబలగం ఇక్కడ ఉన్నాయి. చదువుకు విలువ పెరిగేది సొంత గడ్డ మీదే.

1959లో వనపర్తి రాజావారి ప్యాలెస్‌లో పాలిటెక్నిక్ తెరిచినప్పుడు కూడా అంతే. కాల్వలు, రోడ్లు, కరెంటు లైన్లు వేయిస్తున్న సర్కారుకు డిప్లొమా చదివిన వాళ్లు కావలసి వచ్చారు.

అమెరికా తలుపు 1965 చట్టంతో తెరుచుకుంది. జాతి కోటాలు పోయి, చదువుకూ నైపుణ్యానికీ చోటు దొరికింది. ముందు పోయింది ఎక్కువగా డాక్టర్లు, ఇంజనీర్లు, పరిశోధకులు. వాళ్లకు గ్రీన్‌కార్డు ఇప్పటంత కష్టం కాదు. 1990 చట్టం హెచ్-1బి ఉద్యోగ వీసాను తెచ్చి ఏడాదికి 65 వేల పరిమితి పెట్టింది. అక్కడే మాస్టర్స్ చేసిన వాళ్లకు అదనంగా 20 వేలు కేటాయించింది 2004 చట్టం. పరిమితికి మించి దరఖాస్తులు వస్తే లాటరీ తీస్తారు కాబట్టి, అమెరికా డిగ్రీ చదువుతో పాటు ఆ లాటరీలో రెండో చీటీ కూడా.

2008ని నేను అసలు మలుపుగా చూస్తాను. సైన్సు, ఇంజనీరింగు చదివిన వాళ్లకు డిగ్రీ తర్వాత విద్యార్థి వీసా మీదే పనిచేసుకునే ఓపీటీ కింద ఉన్న ఏడాది గడువును ఇంకో 17 నెలలు పెంచారు. 2016లో ఆ 17 నెలలు 24 అయ్యాయి, మొత్తం మూడేళ్లు. ఇక్కడ ఆ కాలంలోనే ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చి, కూలి ఇళ్ల పిల్లలు కూడా బీటెక్ పట్టా పట్టారు. పాలమూరు యూనివర్సిటీ పుట్టింది కూడా 2008లోనే గాని, బీటెక్ వాడి చూపు అప్పటికే హైదరాబాదు దాటి ఉంది. ఆ తర్వాత నెట్టెంపాడు, భీమా, కల్వకుర్తి ఎత్తిపోతల నీళ్లు పారాయి. గద్వాల వైపు సీడు పత్తి సాగు బలపడింది. మట్టి పనికి పోవాల్సిన అవసరం తగ్గిన ఇళ్లలోనే వీసా మాట వినబడసాగింది. నిరుపేద దూరం పోలేడు, కొంచెం నిలదొక్కుకున్నవాడే పోతాడు.

ఎమ్మెస్‌కు ముప్పై, నలభై లక్షలవుతాయి. మామూలుగా ఏడున్నర లక్షలు దాటితే బ్యాంకు తనఖా అడుగుతుంది. పొలం చూపితే మొహం తిప్పుకుంటుంది, పట్టణంలో ఇల్లో ప్లాటో కావాలంటుంది. చాలనిది నూటికి రెండు రూపాయల మిత్తికి బయట తేవాలి. ఇక్కడి జీతంతో ఆ మిత్తి కూడా తీరదు. కాబట్టి చదువు అయిన రోజే తిరుగు ప్రయాణం కట్టడమంటే ఇల్లు పోగొట్టుకోవడమే. మేస్త్రీ అడ్వాన్సుకూ దీనికీ పోలిక ఇంతవరకే.

ఎందుకంటే అప్పు తీరడానికి పట్టే మూడు నాలుగేళ్లలో ఇంకో కట్టు పడుతుంది. ఓపీటీలో ఉద్యోగం లేకుండా 90 రోజులకు మించి ఉండకూడదు, పొడిగింపుతో కలిపి 150. ఏటా మార్చిలో లాటరీ. మూడేళ్ల గడువున్నవాడు మూడుసార్లు, ఒక్కోసారి నాలుగుసార్లు పేరు వేస్తాడు. తగిలితే హెచ్-1బి ఆరేళ్లు. ఈలోగా కంపెనీ గ్రీన్‌కార్డు పని మొదలుపెట్టి అందుకు కంపెనీ వేసే ఐ-140 దరఖాస్తుకు ఆమోదం వస్తే, వరసలో ఉన్నంతకాలం వీసా పొడిగిస్తూ పోవచ్చు. ఆ వరసలో ఏ ఒక్క దేశానికీ 7 శాతం మించి ఇవ్వరు. 2025 చివర్లో పై చదువులు చదివిన భారతీయుల ఇబి-2 వరస 2013 నాటి దరఖాస్తుల దగ్గరే ఉంది. పదేళ్లు నిలబడ్డవాడు వరస విడిచి రాడు. ఈలోగా పిల్లలు అక్కడే పుట్టి అక్కడి బడికి పోతుంటారు.

ఎక్కువ చదివినా సంగతి అదే. అమెరికాలో సైన్సు, ఇంజనీరింగు పీహెచ్‌డీ చేసిన భారతీయుల్లో ఐదేళ్ల తర్వాత కూడా పదిమందిలో ఎనిమిదిమంది అక్కడే ఉంటున్నట్టు సర్వేలు చూపాయి. మనసు కన్నా చట్టం ఎంత పనిచేస్తుందో బ్రిటన్‌లో ఇంకా బాగా కనబడుతుంది. చదువు తర్వాత పనిచేసుకునే రెండేళ్ల వీసాను 2012లో ఎత్తేస్తే మనవాళ్లు అటు పోవడం తగ్గించారు. 2021లో తిరిగి ఇస్తే మళ్లీ బారులు తీరారు.

2023-24లో అమెరికాలోని భారతీయ విద్యార్థులు 3.31 లక్షలు, చైనాను దాటేశారు. 2025 సెప్టెంబరులో అక్కడి ప్రభుత్వం కొత్త హెచ్-1బి దరఖాస్తుకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించింది. గద్వాలలో, వనపర్తిలో తల్లిదండ్రులకు ఆ రాత్రి నిద్ర పట్టి ఉండదు. అక్టోబరులో వివరణ వచ్చింది: అమెరికాలోనే ఉండి విద్యార్థి వీసా నుంచి హెచ్-1బికి మారేవాళ్లకు ఆ రుసుము వర్తించదట. బయటినుంచి తీసుకునే మనిషికైతే కంపెనీ లక్ష డాలర్లు కట్టాలి. బయటివాళ్లను తగ్గించాలని పెట్టిన నిబంధన, లోపల ఉన్న కుర్రాడికి మాత్రం అక్క పెళ్లికి కూడా దేశం కదలకపోవడమే లాభమని నేర్పుతోంది.