ఓడ నీటిలో వచ్చిన జీవులు: విశాఖ రేవు చెప్పే పాఠం

ఆక్రమణ జాతులు అనగానే మన నోట్సులో ముందుగా కనిపించేవి గుర్రపుడెక్క, వయ్యారిభామ. రేవుల్లోకి దిగిన సముద్ర జీవుల గురించి ఒక్క లైను రాసి వదిలేస్తాం. నిజానికి దాని వెనక ఒక వాణిజ్య చరిత్ర ఉంది. అది తెలిస్తే జీఎస్-3 జవాబుకు బలం వస్తుంది.

బ్యాలస్ట్ ఎందుకు?

సరుకు లేని ఓడ తేలికైపోయి నిలకడ కోల్పోతుంది. అందుకే అడుగున బరువు నింపాలి. తెరచాప ఓడల్లో రాళ్లు, ఇసుక వేసేవారు. 19వ శతాబ్దం చివరికల్లా ఉక్కు ఓడల్లో పంపులతో సముద్రపు నీరు ఎక్కించడం మొదలైంది. ఆ నీటితోపాటు లార్వాలు, శైవలాలు, బ్యాక్టీరియా కూడా ఎక్కుతాయి. సరుకు ఎత్తుకునే రేవులో ఆ నీటిని వదిలేస్తారు.

ఇక్కడ ఒకటి గమనించండి. బ్యాలస్ట్ నీరు సరుకుకు ఎదురు దిశలో ప్రయాణిస్తుంది. ముడి ఖనిజం ఎగుమతి చేసే రేవుకు ఓడలు ఖాళీగా, అంటే పరాయి నీటితో వస్తాయి. 1933లో ప్రారంభమై మాంగనీసు, ఆ తర్వాత ఇనుప ఖనిజం ఎగుమతి చేసిన విశాఖ అలాంటి రేవే.

1967, విశాఖ

ఆ ఏడాది విశాఖ రేవులో నల్లచారల చిన్న ఆల్చిప్ప బయటపడింది. శాస్త్రీయనామం మైటిలాప్సిస్ సల్లీ. దాని సొంతచోటు కరీబియన్, మెక్సికో సింధుశాఖ తీరాలు. పి.ఎన్. గణపతి, ఆయన సహచరులు 1971లో 'కరెంట్ సైన్స్' పత్రికలో దీన్ని నమోదు చేశారు. తర్వాత ముంబయిలోనూ కనిపించింది. ఉప్పదనం మారినా, నీరు మురికిగా ఉన్నా ఇది తట్టుకుంటుంది. గుత్తులుగా పట్టి పైపులను, ఓడల అడుగు భాగాలను కప్పేస్తుంది.

ఇది బ్యాలస్ట్‌లోనే వచ్చిందని తేల్చేయకండి. ఓడ అడుగుకు అంటుకునైనా రావచ్చు. 1999లో ఆస్ట్రేలియాలోని డార్విన్‌కు ఇదే జీవి పడవల అడుగున చేరింది. వెంటనే పసిగట్టి, గేట్లున్న పడవల రేవులను మూసి, క్లోరిన్, కాపర్ సల్ఫేట్ పోసి నిర్మూలించారు. తెరిచి ఉండే విశాఖ లాంటి పెద్ద రేవులో అది సాధ్యం కాదు. అందుకే ఇక్కడ నివారణే మందు.

చట్టం, దాని ఖాళీ

2000లో మొదలైన గ్లోబ్యాలస్ట్ పథకానికి ఎంచుకున్న ఆరు దేశాల్లో భారత్ ఒకటి, ప్రయోగ రేవు ముంబయి. 2004లో బ్యాలస్ట్ నీటి ఒప్పందం కుదిరింది. 2017 సెప్టెంబరు 8న అమల్లోకి వచ్చింది. డీ-1 ప్రమాణం నడిసముద్రంలో నీరు మార్చమంటుంది. డీ-2 ప్రకారం, వదిలే నీటిలో 50 మైక్రాన్లు, అంతకు మించిన సజీవ జీవులు ఘనపు మీటరుకు పదికన్నా తక్కువ ఉండాలి. ఓడ అడుగుకు అంటుకునే జీవులపై మాత్రం 2011 నాటి ఐఎంఓ మార్గదర్శకాలే ఉన్నాయి. 2023లో సవరించినా అవి స్వచ్ఛందమే. ఒక తలుపు మూశాం, రెండోది ఇంకా ఓరగానే ఉంది.

నష్టం ఎవరిది?

ఎన్నూరు, పులికాట్ జాలర్లు 'కాకా ఆళి' అని పిలిచే దక్షిణ అమెరికా ఆల్చిప్ప నీటి అడుగు నేలను కప్పేసి రొయ్యల వేటను దెబ్బతీస్తోందని ఫిర్యాదు. జాతీయ హరిత ట్రైబ్యునల్ దాకా వెళ్లింది. లాభం సరుకు రవాణాది, భారం చేతులతో రొయ్యలు పట్టేవారిది. జవాబులో 'కలుషితం చేసినవారే చెల్లించాలి' సూత్రాన్ని ఇక్కడ పెట్టండి. రేవుల్లో క్రమం తప్పని జీవ సర్వే, నౌకల అడుగు తనిఖీ, జాలర్లకు పరిహారం అనే మూడు సూచనలతో ముగించండి.

సాధన ప్రశ్న: బ్యాలస్ట్ నీటి ఒప్పందం ఒక్కటే భారత తీరాన్ని ఆక్రమణ జాతుల నుంచి కాపాడగలదా? చర్చించండి. (150 పదాలు)