శ్రీ మైదవోలు నరసింహం గారు

నరసింహం కమిటీ పేరు వినని బ్యాంకు ఉద్యోగి మనలో లేడు. ఆ మనిషి గురించి తెలిసింది మాత్రం తక్కువ. 1927లో జన్మించిన ఆయన 1950లో రిజర్వు బ్యాంకులో రీసెర్చి ఆఫీసరుగా చేరి, 1977లో ఏడు నెలలు గవర్నరుగా ఉన్నారు. ఆ బ్యాంకు కేడరు నుండి గవర్నరైనది ఆయనొక్కరే.

పత్రికలు ఆయనను బ్యాంకింగ్ సంస్కరణల పితామహుడన్నాయి. నేనైతే ముందు గ్రామీణ బ్యాంకులకు తండ్రి అంటాను. 1975లో ఆయన బృందం సిఫారసు చేయగా, ఆ అక్టోబరు 2నే అవి మొదలయ్యాయి. అటువంటి వారే 1991 నివేదికలో ప్రాధాన్య రంగ రుణాలను 40 శాతం నుండి 10 శాతానికి తగ్గించమన్నారు! పల్లెకు బ్యాంకును తెచ్చినవారు ఆ మాట అనడం నాకు నేటికీ మింగుడుపడదు. ఉద్యోగ సంఘాలు ఆ నివేదికను గట్టిగా వ్యతిరేకించాయి. ప్రభుత్వమూ ఆ ఒక్క సలహా తీసుకోలేదు.

అయితే చేతికి రాని వడ్డీని ఆదాయంగా రాసుకుని లాభం చూపే అలవాటును మాన్పించింది కూడా ఆ నివేదికే. మొండి బాకీలను సందేహాస్పదం, నష్టం అని విడదీస్తూ మార్చి నెలాఖరులో రాత్రుళ్లు కూర్చున్నది మనమే కదా.

నరసింహం గారు 2021 ఏప్రిల్ 20న హైదరాబాదులో, తమ 94వ ఏట, కోవిడ్‌తో కన్నుమూశారు.